మంచం పక్కన మనిషి

దోహాలో సముద్రం ఒడ్డున సాగే కోర్నిష్ రోడ్డుకి దగ్గరలో రుమైలా ఆసుపత్రి ఉంది. 1957లో తెరిచినప్పుడు ఖతార్‌కి అదే పెద్ద ప్రభుత్వాసుపత్రి. కాన్పులు, ఆపరేషన్లు, జ్వరాలు అన్నీ అక్కడికే వచ్చేవి. 1979లో హమద్ మెడికల్ కార్పొరేషన్ ఏర్పడి, 1982లో హమద్ జనరల్ ఆసుపత్రి తలుపులు తెరిచాక అత్యవసర జబ్బులన్నీ అటు మళ్లాయి. నెమ్మదిగా కోలుకునేవాళ్లు, పూర్తిగా కోలుకోలేనివాళ్లు, వయసు పైబడినవాళ్లు రుమైలాకి మిగిలారు. ఈ దేశంలో వృద్ధుల వైద్యానికంటూ ఒక చోటు ఏర్పడింది అలాగే.

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకుని 1990ల చివర్లో నేనిక్కడికి వచ్చాను. ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకోవడం నా పని. ఖతార్‌లో పెద్దల సంరక్షణ గురించి రాసేవాళ్లు ఆసుపత్రుల గురించి, చట్టాల గురించి రాస్తారు. వాటి గురించి రాయాల్సిందే, అవి చిన్న విషయాలు కావు. కానీ నేను చూసిన చరిత్రలో సగం పడకగదుల్లోనే జరిగింది. ముసలావిడ మంచం పక్కన నేలమీద పరుపు వేసుకుని, మూలుగు వినబడితే లేచే మనిషిది ఆ చరిత్ర. ఆ మనిషి మొదట బానిస, తర్వాత పనిమనిషి, ఈమధ్యనే చట్టం దృష్టిలో కార్మికురాలు. ఆ వరసలో చూస్తేనే నాకు ఇక్కడి కథ అర్థమవుతుంది.

చమురుకు ముందు ఇక్కడ బతుకు ముత్యాల మీద నడిచేది. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్లు పడవల్లో వెళ్లిపోయేవాళ్లు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మిగిలేవాళ్లు. ముసలి తల్లిని కూతురో కోడలో చూసుకునేది. కలిగిన ఇళ్లలో ఆ బరువు బానిస స్త్రీల మీద పడేది. తూర్పు ఆఫ్రికా నుంచి, బలూచిస్తాన్ తీరం నుంచి తెచ్చినవాళ్లు చాలామంది. 1930ల్లో జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచ ఆర్థికమాంద్యం కలిసి ముత్యాల బజారును కూల్చేశాయి. ఇళ్లకు ఇళ్లే ఖాళీ చేసి జనం చుట్టుపక్కల దేశాలకు పోయారు. దుఖాన్‌లో చమురు పడినా యుద్ధం అడ్డొచ్చి, మొదటి ఓడ 1949 ఆఖరున గాని కదల్లేదు. 1952లో షేక్ అలీ బిన్ అబ్దుల్లా పాలనలో బానిసత్వం రద్దయింది. యజమానులకు పరిహారం కూడా ముట్టింది. 

రద్దయ్యాక ఆ స్త్రీలలో చాలామంది ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఊరేదీ లేక అదే ఇంట్లో, అదే మంచం పక్కన ఉండిపోయారు. దోహాలోని ముషైరిబ్‌లో 2015 నుంచి బిన్ జెల్మూద్ హౌస్ అనే మ్యూజియం ఉంది, బానిసత్వ చరిత్రకే కేటాయించారు. ఒక దేశం తన ఇళ్లలో జరిగినదాన్ని అంత నేరుగా చూపించడం నాకు గౌరవంగా అనిపించింది. దోహాకి వచ్చే ప్రతి తెలుగు నర్సూ, ఇంటిపనికి వచ్చే ప్రతి అక్కచెల్లెలూ దాన్ని ఒకసారి చూడాలని నా కోరిక.

ఆధునిక వైద్యం ఇక్కడికి మొదట వచ్చింది మిషన్ డాక్టర్లతో. బహ్రెయిన్‌లో ఆసుపత్రి నడుపుతున్న అమెరికన్ మిషన్ వాళ్లు 1940ల చివర్లో దోహాలో కూడా ఒకటి నడిపారు. మేరీ బ్రూయిన్స్ ఆలిసన్ అనే డాక్టరమ్మ అందులో పనిచేసింది. నేను చదువుకున్న గుంటూరు ఆసుపత్రి కూడా అమెరికా నుంచి వచ్చిన ఆనా కుగ్లర్ అనే డాక్టరమ్మ ఆడవాళ్ల కోసం మొదలుపెట్టిందే. మగ డాక్టరు చెయ్యి వెయ్యడానికి ఒప్పుకోని ఇళ్లలోకి ఆడడాక్టర్లు వెళ్లగలిగారు. ఇంటికెళ్లి చూసే పద్ధతికి రెండుచోట్లా పునాది అదేనని నేననుకుంటాను.

చమురు డబ్బు వచ్చాక రాజ్యం పెద్దలను మరిచిపోలేదు. ముసలివాళ్లకు, వితంతువులకు, విడాకులైనవాళ్లకు, వికలాంగులకు నెలనెలా డబ్బు ఇచ్చే సామాజిక భద్రత చట్టం 1995లో 38వ నంబరుతో వచ్చింది. 1998లో కుటుంబ వ్యవహారాల సుప్రీం కౌన్సిల్ పెట్టారు. 2002లో 24వ నంబరు చట్టం ఖతారీ ఉద్యోగుల పింఛన్లకు ఒక రూపం ఇచ్చింది. 2003లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన రాజ్యాంగం 2005లో అమలుకొచ్చింది. కుటుంబాన్ని చట్టం కాపాడాలని, తల్లులను, పిల్లలను, వృద్ధాప్యాన్ని రక్షించాలని దాని 21వ అధికరణ చెబుతుంది. వృద్ధాప్యం అన్న మాటను రాజ్యాంగంలో పెట్టుకున్న దేశం ఇది.

ఆ ఏళ్లలోనే వృద్ధుల సంరక్షణకు ఒక ప్రత్యేక సంస్థ పుట్టింది. ఇప్పుడు దాని పేరు ఇహ్సాన్. షఫల్లా, అమాన్, విఫాక్ లాంటి కేంద్రాలతో పాటు అది ఖతార్ సామాజిక సేవా సంస్థ గొడుగు కింద ఉంది. పగటిపూట పెద్దలు కలుసుకునే చోటు నడపడం, ఇళ్లకు సిబ్బందిని పంపడం, పెద్దల హక్కుల గురించి సమాజంలో మాట్లాడటం దాని పని. రుమైలా వైపు నుంచి డాక్టర్ హనాదీ అల్ హమద్ లాంటివాళ్లు వృద్ధుల వైద్యాన్ని ఒక ప్రత్యేక శాఖగా నిలబెట్టారు. 2018లో వచ్చిన జాతీయ ఆరోగ్య వ్యూహం ఏడు వర్గాలను ముందు వరసలో పెట్టింది, వాటిలో ఆరోగ్యకరమైన వృద్ధాప్యం ఒకటి. అదే ఏడాది డిమెన్షియాకి జాతీయ ప్రణాళిక వచ్చింది. మతిమరుపు జబ్బును ముసలితనంలో మామూలేనని వదిలేయకుండా త్వరగా గుర్తించాలని, చూసుకునేవాళ్లకు శిక్షణ ఇవ్వాలని దాని సారాంశం. ఆ రెండో మాట నాకు ముఖ్యం.

చూసుకునేవాళ్లు అంటే కాగితం మీద కొడుకు, కూతురు. నేను వెళ్లే ఇళ్లలో మంచం పక్కన ఎక్కువగా కనిపించేది మాత్రం ఫిలిప్పీన్స్, శ్రీలంక, ఇండోనేసియా, ఇథియోపియా, కేరళల నుంచి, మన కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన స్త్రీలు. మనవాళ్లలో ఎక్కువమంది కువైట్ వెళ్తారు. ఖతార్‌కి వచ్చేది తక్కువమందే, కానీ వచ్చినవాళ్లు చాలావరకు ఇళ్లలోనే ఉంటారు. ఊళ్లో వాళ్ల పనిని ‘కద్దామా పని’ అంటారు. వంట, ఇల్లు తుడవడం, బట్టలు, పిల్లలతో మొదలై, ఇంట్లో పెద్దావిడ కాలు జారి తుంటి ఎముక విరిగిందంటే అదే మనిషి ఆ రోజు నుంచి నర్సవుతుంది. జీతం మారదు.

అలాంటి ఒక ఇల్లు చెబుతాను. పేర్లు చెప్పను. ముసలావిడ ఎనభై దాటింది. మొహానికి బతూలా అనే ముసుగు కట్టుకునే పాతకాలం మనిషి. ఇంట్లో అందరూ ‘యద్దా’ అంటారు, అంటే నాయనమ్మ. చూసుకునేది రాయచోటి దగ్గర పల్లె మనిషి. నేను పుండు కట్టు మార్చడానికి వెళ్తే వంటగది గుమ్మం దగ్గరే ఆపేసింది.

“నర్సమ్మా, యద్దా రాత్రి మూడు దపాలు లేచింది. తలుపు తీ, సముద్రం కాడికి పోవల్ల అంటాది. వాళ్ల నాయిన పడవలో వస్తాండాడంట.”

“నువ్వేమన్నావు?”

“ఇంకా గుఫ్ఫాల్ కాలేదు, పడవలు రేపొస్తాయి, పొద్దున్నే పోదాము అన్న్యా. చెయ్యి పట్టుకోని పండుకొనింది.”

ముత్యాల కాలం ముగిసి పడవలు ఒడ్డుకు తిరిగొచ్చే రోజుకి గుఫ్ఫాల్ అని పేరు. ఆ మాట ఈమెకి ఎవరూ నేర్పలేదు. ముసలావిడ కలవరింతలు వింటూ పట్టుకుంది. మతిమరుపు రోగితో వాదించకూడదు, ఆమె ఏ కాలంలో ఉంటే ఆ కాలంలోకి వెళ్లి ఆమె భయం తీర్చాలి అని మేము తరగతి గదుల్లో నేర్పుతాం. ఈమె దాన్ని నిద్ర కాచి నేర్చుకుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, వీపు కింద దిండు పెట్టి ఒరగబెట్టడం, మడమలు పరుపుకి ఆనకుండా చూడటం, మింగలేకపోతే గడ్డం కొంచెం వంచి చెంచాతో పట్టడం నేను చూపించాను. ఒకసారి చూపిస్తే చాలు. ఆ ఇంట్లో బెడ్‌సోర్ మానిందంటే అది నా మందు వల్ల కాదు.

ఇలాంటి మనిషికి చట్టంలో చోటెక్కడ? 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ఇంటి డ్రైవరును, ఆయాను, వంటమనిషిని, తోటమాలిని, అలాంటివాళ్లందరినీ తన పరిధి నుంచి తప్పించింది. ఇంటి లోపల జరిగేది కుటుంబ వ్యవహారమని, కుటుంబంలోకి చట్టం చొరబడకూడదని ఆలోచన. మంచి యజమానులు చాలామంది ‘మా మనిషే’ అనేవాళ్లు, మనసారా అనేవాళ్లు. కానీ మన మనిషికి సెలవు ఉండదు, పనిగంటలు ఉండవు. ఆ మాటలోని ప్రేమ నిజమైనా దానితో నిద్ర రాదు. తిండి సరిగా లేదని, పాస్‌పోర్టు ఇవ్వలేదని, జీతం నెలల తరబడి ఆగిందని ఏడ్చినవాళ్లను కూడా నేను చూశాను. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోతే దేశం దాటే వీలు లేని రోజులవి.

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒడంబడిక తెచ్చింది. ఖతార్ దాన్ని ఆమోదించలేదు, ఇండియా కూడా ఆమోదించలేదు. అయినా 2017లో ఖతార్ సొంతంగా 15వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు పది గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒకరోజు జీతంతో సెలవు, ఏడాదికి మూడు వారాల సెలవు, పని ముగిసినప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల జీతం చొప్పున సొమ్ము. 2020 జనవరి నుంచి ఇంటిపనివాళ్లు కూడా ఎగ్జిట్ పర్మిట్ లేకుండా దేశం దాటవచ్చు. ఆ సెప్టెంబరులో యజమాని నిరభ్యంతర పత్రం లేకుండా పని మారే హక్కు వచ్చింది. 2021 మార్చి 20 నుంచి అందరికీ ఒకటే కనీస వేతనం, నెలకు 1000 రియాళ్లు. వసతి, భోజనం ఇవ్వకపోతే వాటికి 500, 300 అదనం. ఇంటిపనివాళ్ల నమూనా ఒప్పందంలో ఓవర్‌టైం, జబ్బు సెలవు కూడా వచ్చాయి.

పది గంటల నియమం వచ్చినప్పుడు ఇళ్లలో నేను విన్న ప్రశ్న ఒకటే. “మరి రాత్రి ఎవరు లేస్తారు?” అది న్యాయమైన ప్రశ్న, ఎవరూ దాన్ని కోపంతో అడగలేదు. మంచాన పడ్డ మనిషికి ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు కావాలి. చట్టం కూడా ‘వేరే ఒప్పందం ఉంటే తప్ప’ అని చిన్న కిటికీ తెరిచి ఉంచింది. చాలా ఇళ్లు ఆ కిటికీలోంచే నడిచిపోయాయి. కొన్ని ఇళ్లు మాత్రం మారాయి. ఇద్దరు మనుషులను పెట్టుకుని రాత్రీ పగలూ పంచారు. ఒక ఇంట్లో డిగ్రీ చదివే మనవడు వారంలో రెండు రాత్రులు తన వంతు తీసుకున్నాడు. డైపర్ మార్చడం నా దగ్గరే నేర్చుకున్నాడు. రెండు వారాల తర్వాత అతను ఎత్తు పెంచుకునే హైడ్రాలిక్ మంచం ఇప్పించమని ఆసుపత్రికి రాశాడు. తన నడుం నొప్పెట్టేదాకా ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

బయటి దేశాలు ఇదే ప్రశ్నకు వేరే జవాబులు వెతికాయి. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణకు తప్పనిసరి బీమా పెట్టాయి. ఖతార్ దారి వేరు. ఆసుపత్రి, నర్సు, మందు, పింఛను రాజ్యం ఇస్తుంది. మంచం పక్కన మనిషిని మాత్రం కుటుంబమే వీసా మీద తెచ్చుకుంటుంది. అందువల్ల ఆ మనిషి బాగోగులు ఆరోగ్య వ్యవస్థ లెక్కలో కాకుండా ఇంటి లెక్కలో పడిపోయాయి. నా ఉద్దేశంలో ఈ దేశపు వృద్ధుల సేవల్లో ఉన్న పెద్ద ఖాళీ అదే. ఆమెకు నిద్ర లేకపోతే పెద్దావిడకు పుండు పడుతుంది. ఆమె హక్కు, పెద్దావిడ హక్కు వేరువేరుగా కాపాడగలిగేవి కావు.

కోవిడ్ కాలంలో ఇది కళ్లకు కట్టింది. 2020లో మందులు తపాలాశాఖ ద్వారా ఇళ్లకే పంపారు, 30 రియాళ్లు తీసుకునేవారు. డాక్టర్లు ఫోనులో చూసేవారు. డిసెంబరు 23న టీకాలు మొదలైతే మొదటిది ఖతార్ విశ్వవిద్యాలయం మాజీ అధ్యక్షుడు, 79 ఏళ్ల డాక్టర్ అబ్దుల్లా అల్ కుబైసీకి వేశారు. డెబ్బై దాటినవాళ్లకు ముందు వరస. అది సరైన వరసే. ఆ నెలలన్నీ పెద్దలను కాపాడటానికి గడప దాటకుండా ఉన్నది మాత్రం రాయచోటి మనిషి లాంటివాళ్లు. వారాంతపు సెలవు లేదు, పార్కు లేదు, ఊరి మనుషులను చూడటం లేదు.

రాయచోటి మనిషికి ఊళ్లో తల్లి ఉంది. ఆ తల్లికీ ఒక మంచం ఉంది, దాని పక్కన ఎవరూ లేరు. పక్కింటి పిన్ని అన్నం పెడుతుంది. ఈమె నెలనెలా పంపే డబ్బులో ఆ పిన్నికి కొంత పోతుంది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను 4000 రూపాయలైంది, సచివాలయం మనిషి ఇంటికే తెచ్చిస్తాడు. పింఛను అందే ఒకటో తారీఖున తల్లితో వీడియోలో మాట్లాడటం ఈమెకు అలవాటు. తల్లికి ఒంట్లో బాగోలేక ఎవరినడగాలో తెలియని రాత్రి నేనే 14567 నంబరు ఇచ్చాను. ఎల్డర్ లైన్ అనే ఆ పెద్దల సహాయ ఫోను మొదట టాటా ట్రస్టుల ప్రయత్నంగా మన హైదరాబాదులో మొదలై, 2021 అక్టోబరు 1న దేశమంతటికీ వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఆ నంబరు రాసిపెట్టుకోవాలి. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కూడా తెలుసుకోవాలి. దాని కింద ట్రిబ్యునల్ విదేశంలో ఉన్న పిల్లలకూ సమన్లు పంపగలదు. దూరాన ఉన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదని మన చట్టం ఎప్పుడో చెప్పింది.

దోహాలో కాస్త స్థిరపడ్డ మనవాళ్లు తల్లిదండ్రులను విజిట్ వీసా మీద తెచ్చుకుంటారు. 2023 ఫిబ్రవరి 1 నుంచి వాళ్లకు నెలకు 50 రియాళ్ల ఆరోగ్య బీమా తప్పనిసరి. అది అత్యవసరానికీ ప్రమాదానికీ పనికొస్తుంది, పాత షుగరుకూ కీళ్లనొప్పులకూ కాదు. అమ్మానాన్నలను పిలిపించేవాళ్లు మందులు అనుమతి ఉన్న మేరకు, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమని చెప్పాలి.

మళ్లీ రాయచోటి మనిషి దగ్గరికి వస్తాను. 2017 చట్టంలో ఒక నియమం ఉంది. అరవై దాటినవాళ్లను ఇంటిపనికి తీసుకురాకూడదు, మంత్రి మినహాయిస్తే తప్ప. ఆ లెక్కన ఆమె ఇంకొన్నేళ్లలో తిరిగి వెళ్తుంది. అప్పుడు ఆమె చేతికి వచ్చేది ఏడాదికి మూడు వారాల జీతం లెక్కన కొంత సొమ్ము. ఖతారీ పింఛను ఆమెకు వర్తించదు. డిమెన్షియా మనిషిని నిద్రపుచ్చడం, పుండు పడకుండా తిప్పడం, మింగలేని మనిషికి అన్నం పట్టడం తెలిసిన మనిషి ఊళ్లో దిగితే ఆమె దగ్గర ఆ పని తెలుసని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. మన పల్లెల్లో పిల్లలంతా బెంగళూరుకో అమెరికాకో పోయి ముసలివాళ్లు ఒంటరిగా మిగిలిన ఇళ్లకు కావలసింది సరిగ్గా ఆమె.

దీనికి దారి ఉంది. మన దేశంలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద అనుభవంతో నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. ఇంటి దగ్గర రోగిని చూసుకునేవాళ్లకు, వృద్ధులను చూసుకునేవాళ్లకు అందులో అర్హతలు ఉన్నాయి. ఆ పరీక్ష దోహాలోనే జరగాలి. 1984 నుంచి మన రాయబార కార్యాలయం కింద పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరం, తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ గల్ఫ్ సమితి లాంటి మన సంఘాలు కలిస్తే ఒక హాలు, నలుగురు నర్సులు, ఒక బొమ్మ రోగి చాలు. పాఠం తెలుగులో చెప్పాలి, అరబ్బీ మాటలు కలిపి చెప్పాలి. ఆ ఇళ్లలో వాళ్లు వాడేది ఆ భాషే. శుక్రవారం మధ్యాహ్నం పెట్టాలి, చాలామందికి సెలవు దొరికేది అప్పుడే. రానుపోను బండి కూడా చూడాలి, దారి ఖర్చుకే వెనకాడేవాళ్లు ఉన్నారు.

రాయబార కార్యాలయంలో జరిగే ఓపెన్ హౌస్‌కి ఈ మాట రాసుకుని తీసుకెళ్లాను. ఓపిగ్గా విన్నారు, రాసుకున్నారు. మా నర్సుల్లో ముగ్గురు పాఠం చెప్పడానికి ఇప్పటికే ఒప్పుకున్నారు. రాయచోటి మనిషిని కూడా అడిగాను, నేర్చుకోవడానికి కాదు, డిమెన్షియా రోగితో రాత్రి ఎలా గడపాలో మిగతావాళ్లకు చెప్పడానికి. యద్దా ఇంటివాళ్లు ఆ శుక్రవారాలు ఆమెకు ఇస్తామన్నారు.